నాలుగింటిదాకా లేపొద్దు

మా ఆయన స్టీరింగు ముందు రెప్ప వాల్చింది ఆ ఎండాకాలం మొదట్లోనే. రెండు క్షణాలు, మహా అయితే మూడు. బస్సు పక్కకి జరిగి వంతెన గోడని రాసుకుంటూ పోయింది. నాలుగు కిటికీ అద్దాలు పగిలాయి. లోపల నలభై నాలుగు మంది ఉన్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు కానీ ఒక ముసలాయన కట్టుడు పళ్లు మూడు సీట్ల అవతల దొరికాయట. ఇవేవీ మా ఆయన నాకు చెప్పలేదు. రెండు రోజుల తర్వాత కండక్టరు ఇంటికొచ్చి, ఆయన స్నానానికి వెళ్లిన సందు చూసుకుని చెప్పాడు.

"అన్నయ్య పగలు నిద్రపోతున్నాడా వదినా?"

"పడుకుంటున్నారుగా."

"పడుకోవడం నేనూ పడుకుంటా, సెలవు రోజున టీవీ చూస్తూ. నిద్రపోతున్నాడా అని అడుగుతున్నా." గొంతు తగ్గించాడు. "ఇంకొక్కసారి ఇలాంటిది జరిగితే ఉద్యోగం ఊడుతుంది. అదీ మనిషి మిగిలితే."

మా ఆయన రాత్రి బస్సు డ్రైవరు. సాయంత్రం ఆరింటికి వెళ్తే మర్నాడు ఎనిమిదింటికి వచ్చేవారు. తొమ్మిదింటికి పడుకుని నాలుగింటికి లేవాలి. మాది మూడో అంతస్తు. రెండు గదులు, ఒక వంటిల్లు, పైన డాబా. ఆయన నడుం వాల్చే వేళకి సరిగ్గా ఎండ తూర్పు కిటికీలోంచి మంచం మీదకి వచ్చేది. మధ్యాహ్నానికి కప్పు కాగి, గోడలు ముట్టుకుంటే చేతికి వెచ్చగా తగిలేవి. ఇవి చాలవన్నట్టు కింద వెల్డింగు షాపు. వాడు ఇనుప చువ్వలు కోసే మిషను ఆన్ చేస్తే మా వంటింట్లో గిన్నెలు కూడా గలగలలాడేవి.

డిపో డాక్టరు ఆయనకి మందులేమీ రాయలేదు. ఒక కాగితం ఇచ్చాడు. పడుకునే గది చీకటిగా ఉండాలి, చల్లగా ఉండాలి, చప్పుడు ఉండకూడదు. అంతే ఉంది అందులో. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని మర్చిపోయారు. బట్టలు నానబెట్టేటప్పుడు నాకు దొరికింది. ఆరబెట్టి వంటింటి గోడకి అంటించాను. ఆ రోజు నుంచి నాకూ ఒక ఉద్యోగం వచ్చినట్టయింది.

చీకటి తేలిగ్గానే దొరికింది. కిటికీకి అట్టలు కొట్టి, వాటి మీద నల్ల గుడ్డ బిగించాను. తలుపు కింద సందులో పాత తువ్వాలు దూర్చాను. గడియారంలో మెరిసే ముళ్లు కూడా ఉండకూడదని దాన్ని ముందు గదిలోకి మార్చాను. చల్లదనానికి కొంచెం ఎక్కువ తిప్పలు పడ్డాను. గంటకోసారి నేల తడపడం, తడి దుప్పట్లు వేలాడదీయడం, ఫ్యాను ముందు బేసినులో మంచుగడ్డలు పెట్టడం. గది గుహలా తయారైంది. లోపలికి వెళ్లిన మా పాప, "అమ్మా, నాన్న ఫ్రిజ్‌లో పడుకుంటున్నాడు" అంది.

చప్పుడు దగ్గరే వచ్చింది చిక్కంతా. వెల్డింగు షాపుకి వెళ్లి, యజమానితో మొదట మర్యాదగా, తర్వాత మర్యాద లేకుండా మాట్లాడాను.

"అమ్మా, ఇనుము చప్పుడు చేయకుండా తెగదమ్మా" అన్నాడాయన, కళ్లద్దాలు నుదుటి మీదకి తోసుకుని.

"నలభై నాలుగు మంది ప్రాణాలండీ."

"నా పనికి ఇదే సీజను కదా."

"మీ పిల్లలు ఎప్పుడైనా రాత్రి బస్సు ఎక్కరా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. మర్నాటి నుంచి తొమ్మిదిలోపు కొంత, నాలుగు తర్వాత కొంత కోసుకునేవాడు. మధ్యలో ఎప్పుడైనా మర్చిపోతే డాబా మీదనుంచి చెంబెడు నీళ్లు కుమ్మరించేదాన్ని, గుర్తుకొచ్చేది.

కాలింగ్ బెల్లు తీగ పీకేశాను. వంట తెల్లవారకముందే ముగించేదాన్ని. పాపకి ఆరేళ్లు, బడికి సెలవులు. గుసగుసగా మాట్లాడటం మొదట దానికి ఆటలా ఉండేది. తర్వాత ఆట కాదని అర్థమైంది. ఒకరోజు తలుపు సందులో దాని వేలు నలిగింది. నోరంతా తెరిచి ఏడ్చింది, కన్నీళ్లు ధారగా కారాయి, శబ్దం మాత్రం బయటికి రాలేదు. అప్పుడు నాకు భయం వేసి ఉండాల్సింది. గర్వం కలిగింది.

ఇన్ని చేస్తే మూడు గంటల నిద్ర కాస్తా ఐదుకి వచ్చింది. ఇంక మిగిలింది ఒక్కటే, మా అత్తయ్య దగ్గు.

అత్తయ్య ముప్పై ఏళ్లు పెద్దాసుపత్రిలో ఆయాగా పని చేసిన మనిషి. ఎన్ని వందల మంది పుట్టడం చూశారో, అంతమంది పోవడమూ చూశారు. దేనికీ జంకేవారు కాదు, నోటికి అదుపు ఉండేది కాదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నన్ను తలనుంచి కాళ్లదాకా చూసి, "రోగుల్లో నీకంటే బలంగా ఉన్నవాళ్లని చూశా" అన్నారు. ఆ ఏడు దగ్గు పట్టుకుంది. పదకొండింటికి గాలి వేడెక్కగానే మొదలయ్యేది. మొండికేసిన మోటారుని పదేపదే స్టార్టు చేస్తున్నట్టు ఉండేది ఆ దగ్గు. ఆవిడ మంచానికీ ఆయన మంచానికీ మధ్య ఒక్కటే గోడ.

ఒక సాయంత్రం ఆయన తింటున్నారు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఎంతసేపు పట్టింది?" అన్నాను.

"పదకొండింటికి మెలకువ వచ్చేసింది. మళ్లీ పట్టలేదు."

ఎవరమూ అత్తయ్య వైపు చూడలేదు. చూడకపోవడమే ఆవిడకి తగిలింది.

"నా దగ్గేగా? చెప్పండి, మొహమాటం దేనికి?" అన్నారు. "మీ సుకుమారం చూస్తే నాకు నవ్వొస్తోంది. నేను రాత్రంతా వార్డులో చాకిరీ చేసి పగలు పడుకోలేదా? నాకెవరు కట్టారు నల్ల గుడ్డలు?"

"మరి ఎలా పడుకునేవారు అత్తయ్యా?"

"ఎలాగేంటి? వీణ్ణి బయటికి గెంటి లోపల గడియ పెట్టుకునేదాన్ని!" ఆవిడకి నవ్వొచ్చింది, నవ్వుతోపాటు దగ్గూ వచ్చింది. "నాలుగేళ్లు వీడికి. కాసేపు తలుపు కొట్టేవాడు, ఏడ్చేవాడు. తర్వాత తనే ఊరుకునేవాడు. రెండింటికి తలుపు తీస్తే మెట్టు మీద కూర్చుని ఉండేవాడు, మొహం కందిపోయి, పెదాలు ఎండిపోయి. నన్ను చూసి నవ్వేవాడు వెర్రి వెధవ. ఒకసారి అరికాళ్లు రెండూ బొబ్బలెక్కాయి. నేనే కట్టు కట్టానులే, ఆసుపత్రి దూది తెచ్చి."

పాప తన పద్ధతిలో నవ్వింది, భుజాలు మాత్రం కదిలిస్తూ. ఆయన నవ్వలేదు. కంచంలోకి చూస్తూ నములుతున్నారు.

అప్పుడు నేనన్నాను, "పైన రేకుల గది ఖాళీగానే ఉందిగా. పగటిపూట అత్తయ్య అక్కడ పడుకుంటే..."

అది డాబా మీద పాత సామాను పడేసే గది. మంచం పట్టేంత చోటుంది, ఒక ప్లగ్గు ఉంది, పైన రేకులు. అత్తయ్య నా వైపు చూడనే లేదు. కొడుకుని అడిగారు.

"రేకుల కిందా? ఈ ఎండలోనా?"

ఆయన గ్లాసెత్తి నీళ్లు తాగారు. మెల్లగా, చివరిదాకా తాగారు.

"ఎండలో ఉంటే ఎవరూ చచ్చిపోరమ్మా. నేను పోలేదుగా."

చాలా మామూలుగా అన్నారు, బస్సు ఎన్నింటికో చెప్పినట్టు. అత్తయ్య కాసేపు ఆయన మొహం చూశారు. తర్వాత లేచి, నేను సాయం రాబోతే చేత్తో తోసేసి, తన పక్క తనే చుట్టుకున్నారు.

తప్పు చెప్పకూడదు, నేను ఆవిడకి ఏర్పాట్లు బాగానే చేశాను. టేబుల్ ఫ్యాను పెట్టాను. రెండు సీసాల నీళ్లు, రేడియో, తడి తువ్వాలు. రేకుల మీద ఉదయాన్నే నీళ్లు పోసేదాన్ని. నేను కిందకి దిగేలోపే ఆరిపోయేవి. పదకొండింటికి ఒకసారి, ఒంటిగంటకి భోజనంతో ఒకసారి పైకి వెళ్లేదాన్ని. మధ్యలో ఏదైనా కావాలంటే డాబా మీదనుంచి మా వంటింటి గోడ వెంట దిగే నీళ్ల పైపు మీద చెంచాతో కొట్టమన్నాను.

అదే పొరపాటైంది. మొదటి రోజే ఆరుసార్లు కొట్టారు. రేడియో పలకడం లేదని ఒకసారి, పావురం లోపలికి వచ్చిందని ఒకసారి, పాపని పంపించమని ఒకసారి. ఇనుప పైపు కదా, వంటింట్లో మోగినట్టే పడగ్గదిలోనూ మోగేది. రెండో రోజు మధ్యాహ్నం ఆయన తలుపు తీసుకుని బయటికి వచ్చారు. గోడకి ఆనుకుని కళ్లు మూసుకుని నిలబడ్డారు. నేను పైకెళ్లాను.

"అత్తయ్యా, ఆయన లేస్తున్నారు. ఆ చెంచా ఇలా ఇవ్వండి."

"ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతోందే అమ్మాయ్. కనీసం దాన్నన్నా పంపవే, రెండు మాటలు చెప్పుకుంటాం."

"మెట్ల మీద అడుగుల చప్పుడవుతుంది."

ఆవిడ చెంచా నా చేతిలో పెట్టారు. పెట్టాక నా మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నట్టు రెండు వేళ్లు ఆనించారు. ఆసుపత్రి అలవాటు. "నువ్వూ నిద్రపోవడం లేదు" అన్నారు. నేను చెయ్యి లాక్కుని వచ్చేశాను.

ఇక తలుపు సంగతి. మెట్ల చివర డాబాకి ఇనుప తలుపు ఉంది. వడగాలి మొదలయ్యాక అది దభీ దభీమని కొట్టుకునేది. ఇటుక అడ్డం పెడితే ఇటుకని తోసేసేది. "తలుపుని ఏదైనా చెయ్యి, నా బుర్ర మీద కొట్టినట్టుంది" అన్నారు ఆయన. మా వైపు గడియ ఉంది. పెట్టాను. నేను పైకి వెళ్లినప్పుడు తీయడం, దిగేటప్పుడు పెట్టడం. అత్తయ్యకి ఆ సంగతి చెప్పానో లేదో నాకు గుర్తు లేదు. చెప్పాననే అనుకుంటున్నాను.

అలా పన్నెండు రోజులు గడిచాయి. ఆయన కళ్లు తెల్లబడ్డాయి. డ్యూటీకి వెళ్తూ పాపని ఎత్తుకోవడం మొదలుపెట్టారు. కండక్టరు మళ్లీ వచ్చి, "వదినా, నీకు దండం పెట్టాలి" అన్నాడు. ఆ మాట నాకు ఎంత బాగుందంటే, ఆ రోజంతా దాన్నే తలుచుకుంటూ పని చేశాను. అత్తయ్య మాత్రం సాయంత్రం కిందకి దిగాక మాట్లాడటం తగ్గించారు. సగం తిని వదిలేసేవారు. ఒకసారి పాపతో, "మీ అమ్మ మంచి నర్సు అయ్యుండేది. రోగిని తప్ప ఇంకెవర్నీ చూడదు" అన్నారు.

పదమూడో రోజు పదకొండింటికి కరెంటు పోయింది.

నేను అప్పుడే నీళ్ల సీసాతో పైకి వెళ్లబోతున్నాను. ఫ్యాను రెక్కలు నెమ్మదించడం వినబడింది. ఆయన మంచం మీద కదిలారు. సీసా అక్కడే పెట్టి, అట్టముక్క తీసుకుని గదిలోకి పరిగెత్తాను. తల దగ్గర నిలబడి విసరడం మొదలుపెట్టాను. ఆయన మళ్లీ సర్దుకున్నారు. కరెంటు లేకపోవడంతో కింద షాపులో వెల్డింగు చిటపటలు ఆగిపోయాయి, ఎదురింటి మోటారు ఆగిపోయింది, వీధి వీధంతా నోరు మూసుకుంది. ఇన్ని వారాలుగా నేను తెద్దామని చూసిన నిశ్శబ్దం దానంతటదే వచ్చింది. ఆయన ఊపిరి లోతుగా, నిదానంగా సాగింది. అంత నిద్రలో ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

పైన కూడా ఫ్యాను ఆగిపోయి ఉంటుంది అనుకున్నాను. అనుకుని విసురుతూనే ఉన్నాను.

పన్నెండు కావస్తుండగా వంటింటి పైపు మీద చప్పుడైంది. చెంచా కాదు, అరచెయ్యి. మెత్తగా మూడుసార్లు. తెరిచి ఉన్న తలుపు అవతల, వంటింటి నేల మీద బొమ్మలకి రంగులు వేసుకుంటున్న పాప తలెత్తి నా వైపు చూసింది. వేలెత్తి కప్పు చూపించింది. నేను పెదవుల మీద వేలు పెట్టుకున్నాను. నాలుగో చప్పుడు కోసం ఎదురుచూశాను. వస్తే వెళ్దామనుకున్నాను. రాలేదు. హమ్మయ్య అనుకున్నాను. పాప రంగులు వేసుకుంది.

పన్నెండున్నరకి కరెంటు వచ్చింది. నా చేతులు రెండూ కర్రల్లా బిగుసుకుపోయాయి. కంచంలో భోజనం పెట్టుకుని, నీళ్ల సీసా చంకలో పెట్టుకుని పైకి వెళ్లాను. గడియ చప్పుడు కాకుండా తీశాను.

అత్తయ్య రేకుల గదిలో లేరు. మెట్ల తలుపు పక్కన గోడకి జానెడు నీడ ఉంది. ఆ నీడలోకి ఇముడుదామని చూసినట్టు, కాళ్లు దగ్గరికి ముడుచుకుని గోడకి ఆనుకుని కూర్చున్నారు. చెప్పులు విప్పి పక్కన పెట్టారు. తువ్వాలు ఉండలా చుట్టి నోటికి అదిమి పట్టుకున్నారు. ఒళ్లు పొయ్యి మీద గిన్నెలా కాలుతోంది, కానీ లోపల ఎవరూ లేరు.

ఆ తలుపు ఇనుపది. ఒక్క దెబ్బ గట్టిగా కొడితే మూడంతస్తులూ ఉలిక్కిపడేవి. ఆవిడ కొట్టలేదు.

కేక గొంతుదాకా వచ్చింది. అలవాటు కొద్దీ ఆపేశాను. కంచం నేల మీద మెల్లగా పెట్టాను. మొహం మీద నీళ్లు చల్లాను, అరికాళ్లు రుద్దాను, ముక్కు దగ్గర వేలు పెట్టాను. తర్వాత దిగి, మా గుమ్మం దాటి, కింద షాపుకి వెళ్లాను. వెల్డింగు షాపాయన, ఆయన పనివాడు పరిగెత్తుకొచ్చారు. వీధి చివర డాక్టర్ని పిలుచుకొచ్చారు. డాక్టరు రెండు నిమిషాలు చూసి, "ఎంతసేపైంది ఎండలో?" అన్నాడు. నేను చెప్పలేదు. "వయసు కూడా ఉందిలెండి" అని ఆయనే అని, కాగితం రాసిచ్చాడు.

షాపాయన గడియ వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"మీవార్ని లేపమ్మా."

"నాలుగు గంటలే అయింది పడుకుని."

"అమ్మా, ఆయన తల్లి!"

"తెలుసండీ. రాత్రి డ్యూటీ ఉంది. నాలుగింటిదాకా లేపొద్దు."

షాపాయన నన్ను చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. అయినా అత్తయ్యని కిందకి దింపేటప్పుడు, మా గుమ్మం దగ్గరికి రాగానే ఆయనా పనివాడూ వేళ్ల మీద నడిచారు. ముందు గదిలో ఆవిడ పాత మంచం మీదే పడుకోబెట్టాం. పాప వచ్చి పక్కన కూర్చుంది. "నానమ్మ దగ్గడం లేదు" అంది నా చెవిలో. మూడు గంటలు నేనూ అదీ అలాగే కూర్చున్నాం. షాపులో ఆ పూట మళ్లీ మిషను మోగలేదు.

నాలుగింటికి ఆయన తనే లేచారు. గదిలో ఒళ్లు విరుచుకోవడం వినబడింది. నేను లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేశాను.

"ఒళ్లు తెలియకుండా పడుకున్నానే ఇవాళ" అన్నారు. మొహం చిన్నపిల్లాడి మొహంలా తేటగా ఉంది. "ఒక్క కల కూడా రాలేదు. ఇలా పట్టి ఎన్నేళ్లయిందో."

చెప్పాను. నిలబడే చెప్పాను. ఆయన మంచం అంచున కూర్చుని విన్నారు.

"ఎప్పుడు?"

"పన్నెండూ పన్నెండున్నర మధ్యన."

గడియారం కోసం గోడ వైపు చూశారు. అక్కడ లేదు.

"తలుపు?"

"గడియ పెట్టి ఉంది."

ఆయన చేతులు మోకాళ్ల మీద ఉన్నాయి. వాటినే చూసుకుంటూ, "ఆ తలుపు సంగతి చెప్పింది నేనే కదా" అన్నారు. ఇంకాసేపటికి, "లేపకపోవడమే మంచిదయింది" అన్నారు. అది నన్ను మెచ్చుకోవడమో, ఉమ్మేయడమో ఆ రోజూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. అడిగే ధైర్యం నాకు లేదు.

ముందు గదిలోకి వెళ్లి తల్లి పక్కన గంటసేపు కూర్చున్నారు. ఆవిడ నోటి దగ్గర తువ్వాలు నేను తీసేశాను కానీ వేళ్లు ఇంకా అలాగే వంగి ఉన్నాయి. ఆయన ఒక్కొక్క వేలూ సాపు చేశారు. తర్వాత లేచి డిపోకి ఫోన్ చేశారు.

"మా అమ్మ పోయింది సార్. ఇవాళ రాలేను." అవతల ఏదో అన్నారు. ఆయన విన్నారు. "అందరూ సెలవుల్లోనే ఉన్నారా?" మళ్లీ విన్నారు. "లేదు సార్. పడుకున్నాను. ఏడు గంటలు." తల్లి మంచం వైపు చూశారు. "సరే సార్. ఉదయం వచ్చాక చూసుకుంటాను."

ఐదున్నరకి స్నానం చేసి, యూనిఫారం వేసుకున్నారు. పాపని ఎత్తుకోలేదు. నేను తలుపు దాకా వెళ్లాను. వెళ్లొద్దని నేను అనలేదు. వెళ్లమని కూడా నేను అనలేదు.

ఆ రాత్రి అత్తయ్య దగ్గర నేనొక్కదాన్నే కూర్చున్నాను. బస్సు సమయానికి వెళ్లి సమయానికి వచ్చింది. నలభై నాలుగు మందీ సామాన్లు తీసుకుని దిగిపోయారు. ఎనిమిదింటికి ఆయన ఇంటికి వచ్చి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, గుమ్మంలోనే నిలబడ్డారు.

"రాత్రంతా ఒక్కసారి కూడా రెప్ప వాలలేదు" అన్నారు.